ఆకసమునుండి దిగివచ్చు గాలి పెట్టె

వానకాలపు పంట ఇంటికి చేరి, యాసంగి నాట్లు సాగుచుండు దినములలో, నర్సంపేట, పరకాల, జనగామ ప్రాంతముల రైతునకు ఒకనాటి ఉదయమున పొలములో విచిత్రమైన వస్తువొకటి కనబడవచ్చును. రంగుల గుడ్డతో కుట్టిన పెద్ద గొడుగువంటి దొకటి చేనిపై పరచుకొని యుండును. దానికి పొడవైన త్రాడు, ఆ త్రాటికి ఒక పెట్టె కట్టబడి యుండును. పెట్టెలో తీగలు, గొట్టములు, మరలు కానవచ్చును. ఊరివారు గుమిగూడుదురు. ఒకరు బాంబందురు. మరొకరు విమానము కూలినదందురు. ఇనుము, రాగి అమ్మిన నాలుగు రూపాయలు వచ్చునని తలచువారును ఉందురు.

అది బాంబు కాదు, విమానపు ముక్కయు కాదు. హైదరాబాదునుండి రాత్రివేళ గాని, వేకువజామున గాని బయలుదేరి 30, 40 కిలోమీటర్ల ఎత్తునకు పోయి తిరిగి దిగివచ్చిన శాస్త్రజ్ఞుల పెట్టె యది. కొన్ని పెట్టెలలో ఆకాశజ్యోతులను పరిశీలించు పరికరములుండును. మరికొన్నింటిలో కంటికి కనబడని సరుకొకటి యుండును. అది మానవుడు కాలుమోపలేని ఎత్తులనుండి పట్టి తెచ్చిన గాలి. అంత శ్రమపడి తెచ్చిన ఆ గాలిలో ఏమున్నది? ఓరుగల్లు పొలములకును, భూగోళపు కొసలయందలి మంచు ఖండములకును దానివలన ఏమి సంబంధము? ఈ విషయములను ఇచట తెలిసికొందము.

బియ్యపు గింజల లెక్క

మనము పీల్చు గాలిలో తేమను మినహాయించినచో, నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు, ఇంచుమించు ఒక పాలు ఆర్గాను అను వాయువు కలవు. ఈ మూడింటితో నూరు దాదాపుగా పూర్తియగును. మిగిలిన కొలదిపాటి చోటులో పెక్కు వాయువులు ఇమిడియున్నవి. వీనిని స్వల్పాంశ వాయువులని పిలువవచ్చును.

వీని స్వల్పత్వము ఎంతటిదో బియ్యపు లెక్కతో సులభముగా బోధపడును. సన్నబియ్యము వేయి గింజలు ఇంచుమించు 20 గ్రాములు తూగును. ఆ లెక్కన 20 కిలోల బియ్యములో 10 లక్షల గింజలుండును. గాలిలోని అణువులను బియ్యపు గింజలుగా భావింతము. ఆ 20 కిలోలలో బొగ్గుపులుసు వాయువు గింజలు 420కి కొంచెము మించి యుండును. మీథేను గింజలు రెండే యుండును. నైట్రస్ ఆక్సైడు గింజ యొక్కటి దొరకవలెనన్న 60 కిలోలు వెదకవలెను. ఒకప్పుడు శీతల యంత్రములలో విరివిగా వాడబడిన క్లోరోఫ్లూరోకార్బనులలో సి.ఎఫ్.సి.-12 అనునది గాలిలో మిక్కిలి ఎక్కువగా నున్నది. అయినను, దాని గింజ యొక్కటి కావలెనన్న 400 క్వింటాళ్ల బియ్యమును ఏరవలసివచ్చును. ఎనుమాముల మార్కెట్టు యార్డులో కాటాకు వచ్చిన లారీలను దింపించి, వానిలో ఒక్క గింజను గుర్తించుటవంటిదే ఆ పని.

స్వల్పమైనను సామాన్యము కాదు

ఇంత కొంచెముగా నున్న వాయువులను గూర్చి ఇంత చింత ఎందులకని అడుగవచ్చును. పులుసులో ఉప్పు ఎంత? అయినను రుచి యంతయు దానిమీదనే యున్నది గదా. భూమి విడుచు వేడిని పట్టి యుంచునవి ఈ స్వల్పాంశ వాయువులును, నీటియావిరియునే గాని నత్రజని, ప్రాణవాయువులు కావు. ఇవి బొత్తిగా లేకున్న భూమి గడ్డకట్టును, మితిమీరిన వేడెక్కును.

ఓజోను కూడ స్వల్పాంశ వాయువే. మన ప్రాంతములపై ఇది 25 కిలోమీటర్ల ఎత్తునకు అటునిటుగా దట్టముగా నుండును. ఆకాశములో నున్న ఓజోనునంతటిని నేలమట్టమునకు దించి పేర్చినచో, దాని మందము 3 మిల్లీమీటర్లకు మించదు. ఆ పలుచని తెరయే సూర్యునినుండి వచ్చు అతినీలలోహిత కిరణములలో హానికరమైన వానిని అడ్డగించుచున్నది. తెర పలుచనైనచో చర్మపు క్యాన్సరు, కంటిశుక్లములు హెచ్చును. పైరులకును చేటు కలుగును.

ఈ వాయువులలో కొన్ని మన పొలములనుండియే పుట్టుచున్నవి. పాకాల, రామప్ప, లక్నవరము చెరువుల క్రింద వరి సాగు కాకతీయుల కాలమునుండి సాగుచున్నది. మడిలో నీరు నిలిచియుండగా మంటిలోనికి గాలి చొరదు. అట్టి మంటియందలి సూక్ష్మజీవులు మీథేనును పుట్టించును. బురదలో అడుగిడినపుడు బుడబుడమని వచ్చు బుడగలలో నుండునది అదియే. యూరియా మొదలగు ఎరువులలోని నత్రజనిలో పైరు గ్రహింపక మిగిలినదానియందు కొంత నైట్రస్ ఆక్సైడుగా మారి గాలిలో కలియును. క్లోరోఫ్లూరోకార్బనులు మాత్రము ప్రకృతిలో లేవు. అవి మానవుడు కర్మాగారములలో చేసినవి.

గాలి చేయు యాత్ర

మేఘములు, వానలు, తుపానులు గల క్రింది పొర మన తలలపై 16, 17 కిలోమీటర్ల ఎత్తు వరకు వ్యాపించి యున్నది. ధ్రువములవద్ద అది 8, 9 కిలోమీటర్లే. దానిపైన నున్న పొరలో గాలి పైకిని క్రిందికిని కలియుట మిక్కిలి తక్కువ. దానిని స్తరావరణమందురు. ఓజోనులో హెచ్చుభాగము అచటనే యున్నది.

క్రింది పొరలోని గాలి స్తరావరణములోనికి ముఖ్యముగా ఉష్ణప్రాంతములలోనే, అనగా భూమధ్యరేఖకు ఇరువైపుల నున్న మన దేశమువంటి సీమలపైననే, ప్రవేశించును. పిమ్మట మెల్లమెల్లగా ఉత్తర దక్షిణములకు సాగి, ధ్రువములకడ క్రిందికి దిగును. బ్రూవరు 1949లో నీటియావిరిని, డాబ్సను 1956లో ఓజోనును ఆధారముగా గొని ఈ మార్గమును ఊహించిరి. ఈ యాత్ర సంవత్సరముల తరబడి సాగును. ధ్రువములపై 20 కిలోమీటర్ల ఎత్తున చలికాలమున నుండు గాలి క్రింది పొరను విడిచి ఐదారు సంవత్సరములై యుండును.

దీనికి సాక్ష్యము నైట్రస్ ఆక్సైడు చెప్పును. 20 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణప్రాంతములలో ఈ వాయువు నేలమీది మోతాదునకు కొంచెము తక్కువగా నుండును. అదే ఎత్తున చలికాలపు చివర ధ్రువ ప్రాంతమున అందు సగమునకన్న తక్కువయే కనబడును. ఆ గాలి చాలకాలము పైన ఎండలో తిరిగి, అందలి నైట్రస్ ఆక్సైడు విచ్ఛిన్నమైన పిదప క్రిందికి దిగినదని దీనివలన తెలియుచున్నది. కనుక ఏ ఊరిలో వదలిన వాయువైనను ఆ ఊరితో పోదు. అది ఉష్ణప్రాంతముల మీదుగా పైకెక్కి ఒకనాటికి ధ్రువములను చేరును.

ధ్రువములయందు జరిగినది

అంటార్కిటికాలో హాలీ అను బ్రిటిషు కేంద్రమున 1957 ప్రాంతమునుండి ఓజోనును నేలనుండి కొలుచుచుండిరి. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఆ కొలతలను ప్రకటించిరి. అక్టోబరు మాసపు ఓజోను పూర్వమున్నదానిలో మూడవ వంతునకు పైగా తరిగిపోయినదని తేలినది. లోకమంతయు ఉలికిపడినది.

కారణమును గూర్చిన హెచ్చరిక 1974లోనే వచ్చియుండెను. క్లోరోఫ్లూరోకార్బనులు క్రింది పొరలో నశింపక పైకెక్కుననియు, అచట తీక్షణమైన ఎండలో చీలి క్లోరినును విడుచుననియు, ఒక్కొక్క క్లోరిను పరమాణువు వేలకొలది ఓజోను అణువులను నాశనము చేయుననియు మోలినా, రోలండు వాదించిరి. వీరిరువురును, వీరికి ముందే నైట్రస్ ఆక్సైడునకు ఓజోనుకు గల సంబంధమును వివరించిన క్రూట్జెనును 1995లో నోబెలు బహుమానమును పంచుకొనిరి.

ధ్రువముల చలి ఈ నాశనమును అనేక రెట్లు పెంచినది. దక్షిణధ్రువపు దీర్ఘరాత్రిలో గాలి సుడివలె తిరుగుచు బయటి గాలితో కలియక యుండును. లోపల వేడిమి సున్నకు దిగువ 78 డిగ్రీలకన్న తగ్గినపుడు స్తరావరణములో గూడ మేఘములేర్పడును. ఆ మేఘముల కణములపై, నిద్రాణమైయున్న క్లోరిను చురుకైన రూపమునకు మారును. ఆగస్టు, సెప్టెంబరులలో సూర్యుడు తిరిగి పొడచూపగానే అది ఓజోనుపై బడును.

ఎత్తునుబట్టి ఎందులకు కొలువవలెను?

నేలపై నిలిచి చూచినచో ఆకాశములోని మొత్తపు ఓజోను ఎంతయో చెప్పవచ్చును. ఏ ఎత్తున ఎంత యున్నదో తెలియుట కష్టము. భూసార పరీక్షకు పైమన్ను మాత్రమే తీసిన రైతునకు అడుగున చౌడు పొరయున్నదో లేదో తెలియదు గదా. ఆకాశమును గూడ పొర పొరగా పరీక్షింపవలసినదే.

అట్లు పరీక్షించినపుడే అసలు సంగతి బయటపడినది. దక్షిణధ్రువముపై బెలూనులు పంపి చూడగా, ఓజోను అన్ని ఎత్తులలో సమముగా తగ్గలేదు. ఇంచుమించు 14 నుండి 22 కిలోమీటర్ల నడుమ, ఆ చల్లని మేఘములు ఏర్పడు పొరలోనే, దాదాపుగా మాయమైనది. 1987 సెప్టెంబరులో చిలీ దేశపు పుంటా అరెనాసు నుండి ఇ.ఆర్.-2 అను విమానమును ఇంచుమించు 18 కిలోమీటర్ల ఎత్తున ఆ సుడిలోనికి నడిపిరి. సుడి లోపల క్లోరిను సమ్మేళనము పెరిగినచోట్లనే ఓజోను తరిగినట్లు పరికరములు చూపినవి. వాదము తీరినది.

భారతదేశమును ఈ కృషిలో పాల్గొన్నది. 1982 జనవరిలో మొదటి భారతీయ బృందము అంటార్కిటికా చేరినది. పిదప దక్షిణ గంగోత్రి, 1989లో మైత్రి, 2012లో భారతి కేంద్రములు వెలసినవి. మైత్రినుండి భారత వాతావరణ శాఖవారు ఓజోను కొలుచు చిన్న బెలూనులను ఎగురవేసిరి. ఆ పరికరములో ఒక చిన్న పంపు బయటి గాలిని పొటాషియం అయొడైడు ద్రావణములోనికి ఊదును. ఓజోను తగిలినంత మేరకు అయొడీను విడివడి, దానికి తగినంత విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తు ఎంతయో రేడియో ద్వారా క్షణక్షణము నేలకు తెలియుచుండును. ఇట్టి బెలూను పగిలిపోయినను, పరికరము దొరకకపోయినను నష్టము లేదు. కొలత అప్పటికే చేతికందియుండును.

హైదరాబాదు బెలూను కేంద్రము

క్లోరోఫ్లూరోకార్బనులవంటి వానిని కొలుచుటకు మాత్రము ఆ ఉపాయము చాలదు. 400 క్వింటాళ్లలో ఒక గింజను గుర్తింపగల యంత్రములు ప్రయోగశాలలో నుండును. కనుక గాలినే పట్టి క్రిందికి తేవలెను. ఇందుకు మన ప్రాంతమే ఒక ముఖ్యస్థానమైనది.

టాటా మౌలిక పరిశోధన సంస్థవారు విశ్వకిరణముల పరిశోధనకై 1959లో హైదరాబాదునుండి ప్లాస్టిక్ బెలూనులను ఎగురవేసిరి. 1969లో ఇచట శాశ్వత కేంద్రమును నెలకొల్పిరి. ఈ స్థలము భూమి యొక్క అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా నుండుట విశ్వకిరణ పరిశోధనకు అనుకూలమైనది. నలువైపుల విశాలమైన నేల యుండుటచే దిగిన పరికరములు సముద్రము పాలుగాక తిరిగి దొరకును. ఈ బెలూనులు కాగితముకన్న పలుచని పాలిథీను పొరతో చేయబడి, ఉదజనితో నింపబడును. పైకి పోయిన కొలది బయటి ఒత్తిడి తగ్గి బెలూను ఉబ్బును. పూర్తిగా ఉబ్బిన బెలూను అడ్డముకొలత 50 మొదలు 85 మీటర్ల వరకుండును.

భారత మధ్య వాతావరణ కార్యక్రమము జరుగుచున్న దినములలో, అహ్మదాబాదునందలి భౌతిక పరిశోధనశాలవారును, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థవారును కలిసి 1985, 1987, 1990 సంవత్సరములలో హైదరాబాదునుండి గాలిని పట్టు పెట్టెలను పంపిరి. ధ్రువపు గాలిని పట్టుటకు ఇట్టి పెట్టెలనే స్వీడనులోని కిరునా నుండి 1991-92 చలికాలమునను ఎగురవేసిరి. ఉష్ణప్రాంతమున పైకెక్కు గాలి ఎట్లుండునో, ధ్రువమున దిగు గాలి ఎట్లుండునో రెండును తెలిసిననే లెక్క సరిపడును.

పెట్టె పనిచేయు విధము తెలిసికొనదగినది. 30 కిలోమీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి నేలమీది దానిలో నూరవ వంతు మాత్రమే. మామూలు సీసా మూత తెరచినచో అందు చేరునది పరీక్షకు చాలదు. అందుచే లోపలి గాలినంతయు తీసివేసిన ఉక్కు గొట్టములను, సున్నకు దిగువ 246 డిగ్రీల చలిగల ద్రవ నియానులో ముంచి పంపుదురు. నేలనుండి రేడియో ఆజ్ఞ అందగానే ఒక గొట్టపు మర తెరచుకొనును. లోనికి వచ్చిన గాలి గోడలకు గడ్డకట్టును. దాని చోటు ఖాళీయగుటచే మరింత గాలి లోనికి వచ్చును. చాలినంత చేరగానే మర బిగిసికొనును. మరియొక ఎత్తున మరియొక గొట్టము. ఇట్లు ఒకే యాత్రలో పలు పొరల గాలి వేర్వేరుగా చిక్కును.

ప్రయోగశాలలో ఆ గాలిని సన్నని పొడవైన గొట్టముగుండా పంపుదురు. మేడారము జాతరనుండి మరలు జనములో కొందరు తిన్నగా బస్సు నెక్కుదురు, కొందరు ప్రతి అంగడివద్దను ఆగుదురు. ఒకేసారి బయలుదేరినను వేర్వేరు వేళలకు చేరుదురు. ఆ గొట్టపు గోడలకు పూసిన పదార్థము ఒక్కొక్క వాయువును ఒక్కొక్క విధముగా నిలువరించుటచే, అవి ఒకదాని వెనుక నొకటి వేరుపడి వచ్చును. అప్పుడు ఒక్కొక్కదాని మోతాదును కొలుతురు.

హైదరాబాదుపై 17 కిలోమీటర్ల వరకు క్లోరోఫ్లూరోకార్బనుల మోతాదు ఇంచుమించు నేలమీది వలెనే యుండును. ఆపై త్వరత్వరగా తగ్గును. సి.ఎఫ్.సి.-11 అనునది 30 కిలోమీటర్ల దరిదాపున దాదాపుగా కానరాదు. తగ్గినదంతయు ఎండకు చీలి క్లోరినైనదన్నమాట. ఒకేచోట కొన్నియేండ్ల ఎడముతో కొలుచుటచే మార్పులను పోల్చి చూచుటకు వీలైనది.

2005 ఏప్రిలు 20న మరొక వింత జరిగినది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థవారి 459 కిలోల పరికరము, 16 ఉక్కు గొట్టములతో, ఈ కేంద్రమునుండి ఎగిరినది. 20 నుండి 41 కిలోమీటర్ల వరకు గాలిని పట్టి గొడుగు సహాయమున దిగినది. ఆ గాలిని హైదరాబాదులోని కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రమునను, పూనాలోని మరొక కేంద్రమునను పరీక్షింపగా, అందు సజీవములైన సూక్ష్మజీవులు కనబడినవి. వానిలో మూడు అంతకుముందు ఎరుగని జాతులని 2009లో ప్రకటించిరి. ఒకదానికి అంతరిక్ష సంస్థ పేరిటను, ఒకదానికి ఆర్యభట్టు పేరిటను, ఒకదానికి ఖగోళశాస్త్రజ్ఞుడు హాయిలు పేరిటను నామకరణము చేసిరి.

కొలతలు నెరవేర్చిన మేలు

ఇట్టి కొలతలు పుస్తకములలోనే నిలిచిపోలేదు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ నగరమున క్లోరోఫ్లూరోకార్బనులను అదుపుచేయు ఒడంబడిక కుదిరినది. భారతదేశము 1992లో అందు చేరినది. 2010 నాటికి వాని తయారీ లోకమంతట దాదాపుగా నిలిచిపోయినది. అప్పటినుండి గాలిలో వాని మోతాదు మెల్లగా తగ్గుచున్నది. ఇవి దీర్ఘాయువులు గనుక, దక్షిణధ్రువముపై ఓజోను 1980 నాటి స్థితికి వచ్చుటకు 2066 ప్రాంతము వరకు పట్టునని ప్రపంచ వాతావరణ సంస్థ 2022 నివేదిక అంచనా వేసినది. ఈనాడు బడికి పోవు పిల్లలు తమ మనుమలకు ఆ వార్త చెప్పవలసియుండును.

క్లోరోఫ్లూరోకార్బనులు తగ్గినకొలది ఓజోనుకు నైట్రస్ ఆక్సైడువలని చేటు ప్రధానమగుచున్నది. యూరియాను ఒకేసారి గుమ్మరింపక, పైరు గ్రహింపగలిగినంత మేరకు దఫదఫాలుగా వేయుట రైతు ఖర్చును తగ్గించును, ఆకాశమునకును మేలు చేయును. మడిని తడిపి ఆరనిచ్చి మరల తడుపు పద్ధతివలన నీరు ఆదాయగుటయేగాక మీథేను కూడ తగ్గును.

పెట్టె కనబడినచో ఏమి చేయవలెను?

బెలూను ఎటు పోవునో గాలియే నిర్ణయించును. ఒక్కొక్క ఎత్తున గాలి ఒక్కొక్క దిక్కునకు వీచుచుండును. పడమటి గాలి బలమైనచో పెట్టె తూర్పుగా సాగి పూర్వపు వరంగల్లు జిల్లా గ్రామములయందు దిగవచ్చును. 2022 డిసెంబరు 7న వికారాబాదు జిల్లా మొగిలిగుండ్లవద్ద పొలములో పెద్ద గుండ్రని వస్తువొకటి దిగగా జనము తండోపతండములుగా చేరిరి. అది ఈ కేంద్రమునుండి ఎగిరినదేయని పిదప తెలిసినది.

అట్టిది కనబడినపుడు గ్రామస్థులు ఈ క్రింది విషయములను గుర్తుంచుకొనవలెను.

మొదటిది, పెట్టెను విప్పరాదు, మరలను త్రిప్పరాదు, త్రాడును కోయరాదు. కొన్ని పెట్టెలలో అధిక వోల్టేజి విద్యుత్తు ఉండుటచే ప్రాణాపాయము కలుగవచ్చును.

రెండవది, పిల్లలను, పశువులను దూరముగా నుంచి, ఊరి పెద్దలలో ఒకరిద్దరు కావలి యుండవలెను.

మూడవది, పెట్టెపై వ్రాసిన చిరునామాకు, టెలిఫోను నంబరునకు కబురు పంపవలెను. లేదా దగ్గరలోని పోలీసు ఠాణాలోనో, పోస్టాఫీసులోనో తెలుపవలెను. పెట్టెను చెక్కుచెదరకుండ కాపాడి కబురు తెలిపినవారికి తగిన బహుమానమును, అయిన ఖర్చులను ఇత్తుమని ఆ కేంద్రమువారు తమ ప్రకటనలలో తెలుపుచుందురు. విప్పి పాడుచేసినచో బహుమానము లేదు.

ఇనుముకై విప్పినవానికి నాలుగు రూపాయలు రావచ్చును. కాని మర ఒక్కటి సడలినచో లోపలి గాలి బయటికి పోవును, బయటి గాలి లోనికి చొరబడును. ఆపై గొట్టములో నుండునది 30 కిలోమీటర్ల ఎత్తునాటి గాలి కాదు, మన ఊరి గాలియే. ఆ దినపు ఆకాశము మరల దొరకదు. ఎందరో సంవత్సరములుగా సిద్ధపరచిన ప్రయోగము గట్టుమీదనే ముగిసిపోవును. పొలములో దిగిన పెట్టెను ముట్టక కాచి, కబురంపిన రైతును ఆ పరిశోధనలో పాలుపంచుకొన్నవాడే యగును.